చూసినవాడి నోటికి తాళమా?

సినిమా నచ్చలేదని చెప్పడం ఈ మధ్య మన తెలుగువాళ్లలో తప్పు పనిగా మారింది. "నచ్చకపోతే ఊరుకో, నాలుగు రోజులాగి చెప్పు, వందలమంది పొట్ట కొట్టకు" అనే మాట నిర్మాతల ప్రెస్ మీట్లలో మొదలైంది. అభిమానుల నోళ్లలో నాని, ఇప్పుడు దుబాయ్, షార్జాల్లో సెలవు రోజు సాయంత్రం నలుగురు తెలుగువాళ్లు కూర్చునే చోటికి కూడా వచ్చేసింది. అల్ నహ్దాలో ఎవరింట్లోనో, బర్ దుబాయ్‌లో కరక్ చాయ్ కొట్టు ముందో ఒకరు "సెకండాఫ్ తేలిపోయింది" అంటారు. పక్కాయన వెంటనే అందుకుంటాడు: "మన సినిమాను మనమే ఇట్లా అంటే ఎట్లా అన్నా? అసలే హాళ్లకు జనం రావట్లేదు." మొదటాయన తగ్గిపోతాడు. వినడానికి ఈ మాట బాధ్యతగా ఉంటుంది కాబట్టి ఎవరూ ఎదురు చెప్పరు. నేను చెప్పదలచుకున్నాను. ఈ వాదన వల్ల సినిమాకు మేలు జరగదు. చూసేవాడికి, అందులోనూ కూలి డబ్బుతో చూసేవాడికి, కచ్చితంగా అన్యాయం జరుగుతుంది.

ఈ వాదన కోర్టుల మెట్లు కూడా ఎక్కింది. 2023లో మలయాళ సినిమా 'ఆరోమలింటె ఆద్యత్తె ప్రణయం' దర్శకుడు, విడుదలైన వారం రోజుల వరకు వ్లాగర్లు సమీక్షలు పెట్టకుండా ఆపాలని కేరళ హైకోర్టును ఆశ్రయించాడు. 2024 ఏప్రిల్‌లో 'ఫ్యామిలీ స్టార్' మీద దుష్ప్రచారం జరుగుతోందని కథానాయకుడి తరఫువాళ్లు పోలీసులకు ఫిర్యాదు చేశారు. ఆ ఏడాది నవంబరులో 'కంగువ' దెబ్బతిన్నాక తమిళ నిర్మాతల మండలి, యూట్యూబ్ ఛానళ్లను హాలు ఆవరణలోకి రానివ్వొద్దని థియేటర్ల యజమానులను కోరింది. ఇంకో నిర్మాతల సంఘం మొదటి మూడు రోజులు సమీక్షలే ఉండకూడదని మద్రాసు హైకోర్టుకు వెళ్లింది. సమీక్ష భావప్రకటనా స్వేచ్ఛలో భాగమని చెప్పి కోర్టు ఆ నిషేధం ఇవ్వలేదు. 2025 ఏప్రిల్‌లో, 'మ్యాడ్ స్క్వేర్' విడుదలైన కొద్ది రోజులకు, నిర్మాత నాగవంశీ సమీక్షకుల మీద కోపంతో కావాలంటే తన సినిమాలను బహిష్కరించండని సవాలు చేశారు.

కోర్టులు ఇవ్వని ఆంక్షను మనమే మన మీద వేసుకుంటున్నాం. నన్ను బాధపెట్టేది ఇదే. చట్టం అడ్డురాని చోట సిగ్గు అడ్డొస్తోంది. చూసినవాడు నిజం చెప్పడానికి మొహమాటపడుతున్నాడు.

యు.ఎ.ఇ.లో ఉన్నవాళ్లకు ఈ నింద మరీ ఎక్కువ. ఒకప్పుడు ఇక్కడ శుక్రవారం వారపు సెలవు. అందుకే కొత్త సినిమాలు గురువారమే హాళ్లలో పడే అలవాటు ఏర్పడింది. 2022 జనవరి 1 నుంచి ప్రభుత్వ సెలవు శని, ఆదివారాలకు మారినా గురువారం విడుదల మాత్రం పోలేదు. ఇండియాలో శుక్రవారం వచ్చే చాలా భారతీయ సినిమాలు ఇక్కడ ముందురోజు సాయంత్రమే కనిపిస్తాయి. దాంతో "గల్ఫ్‌వాళ్లు ముందు చూసి బ్యాడ్ టాక్ లేపారు" అని హైదరాబాద్‌లో కూర్చున్నవాళ్లు అనడం, అది విని ఇక్కడివాళ్లు నోరు కట్టుకోవడం మామూలైపోయింది. ముందు ఆట వేసింది సినిమావాళ్లే. ముందు టికెట్ అమ్మిందీ వాళ్లే. ముందు డబ్బు తీసుకోవడం వ్యాపారమైతే, ముందు మాట్లాడటం ద్రోహం ఎలా అవుతుంది?

మూడు రోజుల మౌనం అంటే ఏమిటో దుబాయ్‌లో సోనాపూర్ కార్మికుల క్యాంపులో ఉండే మనిషి వైపు నుంచి చూడండి. వారానికి అతనికి ఒకే ఆఫ్. చాలామందికి అది ఆదివారం. నెల జీతం వెయ్యి, పన్నెండు వందల దిర్హాములు. అందులో ఊరికి పంపేది పోగా చేతిలో మిగిలేది తక్కువ. హాల్లో టికెట్ నలభై, యాభై దిర్హాములు, అంటే దాదాపు ఒక రోజు కూలి. మన రూపాయల్లో వెయ్యి పైమాటే. దేరాలో అల్ ఘురైర్ సెంటర్ దాకా బస్సు ఛార్జీ వేరు, ఆ పూట ఓవర్‌టైమ్ వదులుకుంటే అది వేరు. ఇంత ఖర్చు పెట్టి అతను చూడగలిగేది నెలకో, రెండు నెలలకో ఒక సినిమా. ఇక్కడ పెద్ద హీరో లేని తెలుగు సినిమా హాల్లో ఉండేది చాలాసార్లు ఒక్క వారమే. గురువారం మొదలైన సినిమాకు అతని ఆదివారమే మొదటి అవకాశం, ఎక్కువసార్లు చివరిది కూడా. గురువారం, శుక్రవారం, శనివారం అందరూ నోరు మూసుకుంటే ఆదివారం అతను దేన్ని నమ్మి ఆ యాభై దిర్హాములు పెట్టాలి? ట్రైలర్‌నా? ప్రీ రిలీజ్ వేడుకలో దర్శకుడు చేసిన ప్రమాణాలనా? మౌనం కోరేవాళ్లు సరిగ్గా అతను కొనే రోజుల్లోనే అతనికి సమాచారం అందకుండా చేయమంటున్నారు.

ఇండియాలోనూ లెక్క ఇదే. టికెట్ ధర అన్నిటికంటే ఎక్కువగా ఉండేది ఆ మొదటి రోజుల్లోనే. 'పుష్ప 2' కోసం 2024 డిసెంబరు 4 రాత్రి ప్రీమియర్‌కు మామూలు ధర మీద 800 రూపాయలు అదనంగా తీసుకోవడానికి తెలంగాణ ప్రభుత్వం అనుమతించింది. రేటు ఎక్కువ ఉన్న రోజుల్లోనే మాట తక్కువ ఉండాలని అడగడాన్ని సరుకు చూడకుండా కొనమనడం అంటారు. ఇంకే వ్యాపారంలోనైనా దీన్ని కొనేవాడిని మోసం చేయడమనే అంటాం. సినిమా పేరు తగిలితే మాత్రం కళాపోషణ అంటున్నాం.

"ఒక్క మాటతో సినిమా చచ్చిపోతోంది" అనేది ఈ వాదనకు గుండెకాయ. తెలుగు సినిమా చరిత్ర దీన్ని ఒప్పుకోదు. 1980 ఫిబ్రవరిలో 'శంకరాభరణం' వచ్చినప్పుడు అందులో పేరున్న హీరో లేడు. జె.వి.సోమయాజులు అప్పటికి ప్రేక్షకులకు తెలియని ముఖం. మొదటి రోజుల్లో హాళ్లు పల్చగానే ఉన్నాయి. చూసినవాళ్లు ఇంటికెళ్లి చెప్పారు. విన్నవాళ్లు వచ్చారు. పోస్టర్ తేలేని జనాన్ని ఆ మాటే తెచ్చింది. 2018లో 'కేరాఫ్ కంచరపాలెం'లో నటించినవాళ్లు చాలావరకు ఆ పేటవాళ్లే. ఆ సినిమా మన దాకా వచ్చింది కూడా నోటిమాట మీదే. 2023 మార్చిలో 'బలగం' వచ్చింది. సిరిసిల్ల వైపు పల్లెలో ఒక చావు, పదకొండో రోజు, పిట్ట ముట్టని ముద్ద. అందులో అమ్ముకోవడానికి స్టారూ లేడు, ఫైటూ లేదు. ఊళ్లలో తెరలు కట్టుకుని జనం గుంపులుగా చూసి ఏడ్చారు. ఇక్కడ క్యాంపుల్లో ఉన్న జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ మనుషులకు ఆ సినిమా గురించి మొదట చెప్పింది ఏ పత్రికో కాదు, ఊళ్లో ఉన్న అన్నదమ్ములు. 2024 సంక్రాంతికి 'హను-మాన్', 'గుంటూరు కారం' ఒకే రోజు వచ్చాయి. పెద్ద సినిమాకే ఎక్కువ హాళ్లు వెళ్లాయి. హైదరాబాద్‌లో చిన్న సినిమాకు దొరికిన ఒంటితెర హాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. ముందురాత్రి ప్రీమియర్లు చూసినవాళ్లు మాట్లాడారు. ఆ పండక్కి అన్నిటికంటే పెద్ద విజయం హను-మాన్‌దే అయింది.

అప్పుడు మూడు రోజుల మౌనం అనే నియమం ఉండి ఉంటే ఈ సినిమాల్లో ఏది బతికేది? డబ్బున్న సినిమాకు మొదటి వారం మాట అవసరం లేదు. దానికి హోర్డింగులున్నాయి, వందల హాళ్లున్నాయి, హీరో పేరుంది. మొదటి వారం మాట మీద ఆధారపడేది డబ్బు లేని సినిమా. మౌనం కోరేవాళ్లు చిన్న సినిమా పేరు చెప్పి పెద్ద సినిమాను కాపాడుకుంటున్నారు. బాగుందనే నోరూ బాగాలేదనే నోరూ ఒక్కటే. ఒకటి మాత్రమే పలికే నోటిని ఎవరూ నమ్మరు. నమ్మకం పోయిన రోజు 'బలగం' గురించి చెప్పినా వినేవాడు ఉండడు.

నిర్మాతల ఫిర్యాదులో నిజమైన భాగం ఒకటుంది. డబ్బు తీసుకుని తిట్టేవాళ్లున్నారు, డబ్బు ఇవ్వకపోతే తిడతామని బెదిరించేవాళ్లున్నారు. ఒక హీరో అభిమానులు ఇంకో హీరో సినిమాను ఆట మొదలవకముందే ముంచే ప్రయత్నం చేస్తారు. యు.ఎ.ఇ. పేరు ఈ విషయంలో అన్యాయంగా చెడింది కూడా. ఏళ్లుగా మన పెద్ద సినిమాలన్నిటికీ, విడుదలకు ముందే, యు.ఎ.ఇ.లోని "విదేశీ సెన్సార్ బోర్డు" నుంచి వచ్చిందంటూ ఒక తొలి సమీక్ష తిరుగుతుంటుంది. అలాంటి బోర్డేదీ లేదు. ఏ దేశం సినిమా అనుమతులు ఆ దేశానివే. ఇక్కడ ఆ పని ప్రభుత్వ మీడియా నియంత్రణ సంస్థది. అది వయసు వర్గీకరణ ఇస్తుంది, అభ్యంతరం ఉంటే ఆపుతుంది. రేటింగ్ చుక్కలు ఇవ్వదు, హీరో ఎంట్రీ అదిరిందని చెప్పదు. ఈ సంగతి పరిశ్రమలో అందరికీ తెలుసు. అయినా ఆ తొలి సమీక్షలో నాలుగున్నర చుక్కలు పడితే దాన్ని సంతోషంగా పంచుకునేది అభిమాన సంఘాలే. రెండు చుక్కలు పడితేనే అబద్ధం గుర్తొస్తుంది. చూడకుండా రాసిన మెప్పును సహించిన చోట చూడకుండా రాసిన తిట్టు కూడా పెరుగుతుంది. దీనికి విరుగుడు టికెట్ కొని చూసినవాడు గట్టిగా మాట్లాడటమే. నిజంగా చూసిన వెయ్యిమందిని ఆపితే, చూడకుండా రాసే ఒక్కడికి మైదానం మొత్తం దొరుకుతుంది. బెదిరించి డబ్బులు గుంజేవాడి మీద కేసు పెట్టడానికి మామూలు చట్టాలు ఎప్పటినుంచో ఉన్నాయి. వాటిని వాడండి. దొంగను పట్టుకోవడానికి ఊరందరి నోరూ కుట్టాలనకండి.

సినిమాకు హాల్లో నిజంగా హాని చేసేది వేరే ఉంది, దాని గురించి ఎవరూ ఇంత బాధపడరు. తెర మీద హీరో నడిచొస్తుంటే ముందు మూడు వరుసల్లో ఫోన్లు లేస్తాయి. ఇంటర్వెల్ ట్విస్ట్, క్లైమాక్స్, అతిథి పాత్రలో వచ్చిన నటుడు, అన్నీ ఆట అయ్యేలోపే స్టేటస్‌లలో కనిపిస్తాయి. ఇది ఈ దేశంలో చట్టరీత్యా నేరం. కథలో దాచుకున్నదాన్ని దొంగిలించి పంచే పని అది. దాన్ని "ఫ్యాన్స్ సంబరం" అంటారు. "అమ్మ పాత్ర బాగుంది, పోలీసు కథ అనవసరం" అని కథ బయటపెట్టకుండా మర్యాదగా చెప్పినవాడిని మాత్రం సినిమాను చంపినవాడంటారు.

ఇక అర్హత. "నువ్వొక షాట్ తీసి చూపించు, అప్పుడు మాట్లాడు." దుబాయ్‌లో ఆకాశంలోకి లేచిన భవనాల్లో మన కరీంనగర్, జగిత్యాల మేస్త్రీల చెమట ఉంది. అలాంటి ఒక టవర్‌లో అద్దెకున్న కుటుంబం స్నానాలగదిలో నీళ్లు కారుతున్నాయని చెబితే, ముందు నువ్వొక గోడ కట్టి చూపించమని ఏ మేస్త్రీ అనడు. ఎక్కడ కారుతోందో చూపించమంటాడు. ఉండేవాడికే ఆ కారడం తెలుస్తుందని అతనికి తెలుసు. తన పని మీద నమ్మకమున్నవాడు అడిగే ప్రశ్న అది. మన దర్శకుల్లో కొందరు అదే ప్రశ్న అడుగుతారు. మిగతావాళ్లు కూడా అడగాలి.

ఇప్పుడు ఈ గడ్డ మీద ఎక్కువగా వినిపించే వాదనకు వస్తాను: పరాయి దేశంలో మన సినిమాను మనం తక్కువ చేసుకోకూడదు. పక్క దేశాలవాళ్లు నవ్వుతారు, మలయాళీలు నవ్వుతారు.

మలయాళీలనే చూద్దాం. గల్ఫ్‌లో వాళ్లు మనకంటే ముందు స్థిరపడ్డారు, మనకంటే ఎక్కువమంది ఉన్నారు. వాళ్ల సినిమాకు ఇది పరాయి మార్కెట్ కాదు, రెండో ఇల్లు. ఇక్కడి మలయాళీ తన సినిమాను మొహమాటం లేకుండా చీల్చి చెండాడతాడు. ఫలానా సినిమాలో దుబాయ్ ఆఫీసు అలా ఉండదని, ఫలానా పాత్ర మాట్లాడిన అరబీ తప్పని, గల్ఫ్ భార్య అలా ఏడవదని వాదిస్తాడు. వాళ్ల సినిమా గల్ఫ్‌ను వదల్లేదు: 1989లో 'వరవేల్పు', 2007లో 'అరబిక్కథ', 2011లో 'గద్దామ', 2015లో 'పత్తేమారి', 2016లో దుబాయ్ కుటుంబం కథ 'జాకబింటె స్వర్గరాజ్యం'. మాట్లాడే ప్రేక్షకుడు ఉండటం వల్లే ఆ సినిమాలు వలస బతుకుకు అంత దగ్గరగా వచ్చాయని నేను నమ్ముతాను. అబద్ధం తీస్తే ఫుజైరా నుంచి కువైట్ దాకా ఎవడో ఒకడు పట్టుకుంటాడనే భయం మంచిది.

2024 మార్చి 28న 'ఆడుజీవితం' విడుదలైంది. బెన్యామిన్ 2008 నవల ఆధారంగా బ్లెస్సీ తీశాడు. సౌదీ ఎడారిలో మేకల మంద దగ్గర బందీ అయిన మలయాళీ కథ. మొదట గల్ఫ్‌లో యు.ఎ.ఇ. ఒక్కటే దానికి దారి ఇచ్చిందని అప్పుడు వార్తలొచ్చాయి. కొన్ని నెలలకు అది నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చాక అరబ్బులు చూశారు. పెద్ద గొడవ జరిగింది. మా దేశాన్ని క్రూరంగా చూపించారని సౌదీ ప్రేక్షకులు చాలామంది మండిపడ్డారు. కఫాలా (పనివాడి వీసా యజమాని చేతిలో ఉండే) పద్ధతిలో ఇలాంటివి జరగలేదని అనగలమా అని అరబ్బుల్లోనే కొందరు అడిగారు. ఒక దుర్మార్గుడైన కఫీల్ (యజమాని) పాత్రను బట్టి దేశం మొత్తాన్ని తూచొద్దని ఇంకొందరన్నారు. ఒక సినిమా మీద ఇంతకంటే తీవ్రమైన అభిప్రాయభేదం ఉండదు. ఆ సినిమా చచ్చిందా? కేరళ రాష్ట్ర పురస్కారాల్లో తొమ్మిది దానికే వచ్చాయి. అరబ్బు ఇళ్లలో పనివాళ్ల హక్కుల మీద మాట లేచింది. ఆ మాటల్లో సగం నాకు నచ్చవు. అయినా అవి లేకపోతే ఆ సినిమా కేరళలో బాగా ఆడిన ఒక సినిమాగానే మిగిలిపోయేది.

మన సంగతి? దుబాయి, బొంబాయి, బొగ్గుబాయి అని తన బతుకును చెప్పుకున్న నేల తెలంగాణ. ఏజెంటుకు లక్షలు కట్టి విజిట్ వీసా మీద దిగినవాళ్లు, పాస్‌పోర్టు అర్బాబ్ (యజమాని) దగ్గర ఇరుక్కుపోయినవాళ్లు, ఖల్లివెల్లి అయ్యి (యజమాని నుంచి పారిపోయి) దాక్కుని పనిచేసినవాళ్లు, పెట్టెలో తిరిగివచ్చినవాళ్లు లేని మండలం ఉత్తర తెలంగాణలో దొరకదు. మన తెర మీద దుబాయ్ అంటే పాట. బుర్జ్ ఖలీఫా ముందు డ్యాన్సు, ఎడారిలో జీపు, బంగారం దుకాణం. 'సాహో' కోసం అబుదాబి రోడ్ల మీద ఖరీదైన కార్లు, లారీలు గాల్లోకి లేపారు. 'దుబాయ్ శీను' ఏజెంటు చేతిలో మోసపోయి బొంబాయిలో ఆగిపోయిన కుర్రాళ్లతో మొదలై కామెడీలోకి, పగలోకి వెళ్లిపోయింది. 2017లో సునీల్ కుమార్ రెడ్డి 'గల్ఫ్' తీసి ఈ కథను నేరుగా పట్టుకున్నాడు. దాని గురించి ఇక్కడ ఎంతమంది మాట్లాడారు? బాగుందనో, బాగాలేదనో, మా క్యాంపు ఇలా ఉండదనో గట్టిగా వాదించుకుని ఉంటే ఇంకో దర్శకుడు ఇంకాస్త ధైర్యంగా ఇంకో గల్ఫ్ సినిమా తీసేవాడేమో. మనం మౌనంగా ఉన్నాం. ఆ సినిమాకు మన విధేయత ఏ సాయమూ చేయలేదు.

ఇదే దుబాయ్‌కి పరిశ్రమ తరచూ వస్తుంది. సైమా అవార్డుల వేడుక 2012లో మొదలైంది ఇక్కడే. 2023లో, 2024లో, 2025లో మళ్లీ ఇక్కడే జరిగింది. 2024 మార్చిలో గామా అవార్డులు కూడా దుబాయ్‌లోనే ఇచ్చారు. వేదిక మీద ప్రతి నటుడూ "గల్ఫ్‌లో ఉన్న నా తెలుగువాళ్లకు వందనం" అంటాడు. చప్పట్లు కొట్టడానికి మనం కావాలి. మా గురించి మీరు తీసింది నిజం కాదని చెప్పడానికి మాత్రం మనం పనికిరామా? దుబాయ్ సన్నివేశం సరిగా ఉందో లేదో చెప్పడానికి ఫిల్మ్ నగర్‌లో ఉన్న పండితుడి కంటే అల్ కోజ్ క్యాంపులో ఉన్న ఎలక్ట్రీషియన్‌కు అర్హత ఎక్కువ. అతని అభిప్రాయం సినిమా తీసేవాడికి దొరికే జ్ఞానం. దాన్ని నెగటివ్ టాక్ అని పిలవడం అతన్ని అవమానించడం.

"ఇక్కడి చట్టాలు కఠినం, మాట్లాడితే ఇరుక్కుంటావు" అని భయపెట్టేవాళ్లూ ఉన్నారు. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న సైబర్ నేరాల చట్టం ఆన్‌లైన్‌లో మనిషిని దూషిస్తే జైలు గానీ, 2,50,000 నుంచి 5,00,000 దిర్హాముల జరిమానా గానీ, రెండూ గానీ విధిస్తుంది. నిజంగా కఠినమే. కానీ "కథ సాగింది, పాటలు అడ్డొచ్చాయి" అనడం ఎవరినీ దూషించడం కాదు. నటి శరీరం మీద, హీరో కులం మీద, దర్శకుడి తల్లి మీద రాసేది దూషణ. ఈ తేడా మన తెలుగు పోస్టుల్లో చెరిగిపోయింది. దాన్ని మళ్లీ గీయాలని నేనూ అంటాను. నటుడి ముఖం వదిలేసి నటన గురించి మాట్లాడేవాడు ఏ దేశంలోనైనా భయపడనక్కర లేకుండా ఉండాలి. చట్టం చూపించి అలాంటివాడి నోరు కూడా మూయించేవాళ్లు చట్టాన్ని గౌరవించడం లేదు, వాడుకుంటున్నారు.

సినిమా గురించి మాట్లాడుకోవడం కుటుంబాలకు ఎంత అవసరమో వలసలో ఉంటేనే తెలుస్తుంది. ఇక్కడ వాట్సాప్‌లో కాల్ కలవదు. బోటిమ్‌లో మాట్లాడతారు, లేదంటే వాయిస్ మెసేజ్ పెడతారు. నాకు తెలిసిన ఒక ఏసీ మెకానిక్, కోరుట్ల పక్క ఊరివాడు, రాత్రి డ్యూటీ దిగాక బంకు మీద పడుకుని ఫోన్‌లో సిరీస్ చూస్తాడు. అతని భార్య అదే సిరీస్ పగలు చూస్తుంది. 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో వచ్చిన 'నైన్టీస్' ఇద్దరూ అలాగే చూశారు. లెక్కల మాస్టారు, ఆయన పొదుపు, పిల్లల మార్కులు. అతను వాయిస్ పెట్టాడు: "ఆ సారు మరీ గట్టోడు. పోరగాళ్లను అంత సతాయిస్తరా?" ఆమె జవాబు: "పైసల కాడ నువ్వు గంతే గట్టోనివి. ఇంటికాడ ఉంటె తెలుస్తుండె." ఆ మాట మీద వాళ్లు చాలా రోజులు మాట్లాడుకున్నారు. పిల్లల ఫీజులు, ఊళ్లో అప్పు, అతను ఎప్పుడొస్తాడనేది, అన్నీ ఆ మాస్టారి మీదుగానే వచ్చాయి. జీతం, ఆరోగ్యం, అన్నం తిన్నావా అన్న మూడు ప్రశ్నల దగ్గర ఆగిపోయే ఫోన్ సంభాషణ, ఒక కల్పిత మనిషి పుణ్యాన ముందుకు కదిలింది. ఆ సిరీస్ అంతమందికి చేరింది కూడా ఇలాంటి మాటల మీదే.

ప్రేక్షకుల మాట సినిమా తీసేవాళ్లను మారుస్తుంది కూడా. 2023 మార్చిలో 'రానా నాయుడు' నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చినప్పుడు, వెంకటేశ్‌ను ఇంటిల్లిపాదీ చూసే హీరోగా పెంచుకున్న తెలుగువాళ్లు ఆ సిరీస్‌లోని బూతు భాష, శృంగార సన్నివేశాలు చూసి ఊరుకోలేదు. ఇళ్లలో, పోస్టుల్లో, పత్రికల్లో గట్టిగా అన్నారు. 2025లో రెండో భాగం వచ్చేసరికి ఆ ఘాటు తగ్గించామని తీసినవాళ్ల వైపు నుంచే మాట వచ్చింది. తగ్గించడం మంచిదా కాదా అన్నది వేరే చర్చ. నా మట్టుకు నాకు పెద్దవాళ్ల కోసం తీసిన సిరీస్ పెద్దవాళ్ల భాషలో ఉండొచ్చు. కానీ ప్రేక్షకుడు చెప్పింది తీసేవాడి చెవికి చేరింది. చేరాలి కూడా.

మాట్లాడేవాళ్లతో నాకూ ఒక తగాదా ఉంది. మనం సినిమా గురించి మాట్లాడటం మాని వసూళ్ల గురించి మాట్లాడుతున్నాం. ఎంత గ్రాస్, ఎన్ని స్క్రీన్లు, ఓవర్సీస్ ఎంత, బ్రేక్ ఈవెన్ అయిందా? ఇరవై ఏళ్ల కుర్రాడు డిస్ట్రిబ్యూటర్‌లా లెక్కలు చెబుతాడు గానీ, నాయిక ఆ నిర్ణయం ఎందుకు తీసుకుందని అడిగితే తడబడతాడు. రేటింగ్ రెండు ముప్పావా, మూడా అని గంట వాదిస్తారు. ఈ భాషను మనకు నేర్పింది పరిశ్రమే, మొదటి రోజు వసూళ్ల పోస్టర్లు వేసి వేసి. డబ్బే కొలత అని మనకు నేర్పినవాళ్లు, డబ్బు పోతోందని మన మాటను తప్పుపట్టడం ఏం న్యాయం? ఏ సన్నివేశంలో మనసు కదిలింది, ఎక్కడ ఆ మనిషి మాటను నమ్మలేకపోయాం, ఎందుకు, ఇవి చెప్పుకుందాం. ఇవి చెప్పేవాడికి పదిమందిని హాలుకు పంపే శక్తి ఉంటుంది. పదిమందిని ఆపే శక్తి కూడా ఉంటుంది. ఆ రెండో శక్తిని తీసేసి మొదటిదాన్ని మాత్రం ఉంచుకోవడం సాధ్యం కాదు.

నిర్మాతలు నిజంగా మూడు రోజుల మౌనం కోరితే దానికి ఒక న్యాయమైన పద్ధతి ఉంది. ఆ మూడు రోజులూ వాళ్లు కూడా మాట్లాడకూడదు. "బ్లాక్‌బస్టర్" పోస్టర్ వేయకూడదు, సక్సెస్ మీట్ పెట్టకూడదు, మొదటి రోజు గ్రాస్ ప్రకటించకూడదు. ఆ మూడు రోజులకు పెంచిన రేటు అడగకూడదు. ప్రేక్షకుడు తెలియకుండా కొంటున్నాడు కాబట్టి మామూలు రోజుకంటే తగ్గించి అమ్మాలి. అది వీలు కాదంటే గురువారం రాత్రి దేరాలో ఆట వదిలాక, ఆదివారం ఎవరికి ఆఫ్ ఉందో గుర్తుపెట్టుకుని, చూసినవాళ్లు చూసింది చూసినట్టు వాళ్లకు వాయిస్ మెసేజ్ పెడతారు. పెట్టండి. అలా పెట్టినవాళ్లను ఈసారి ఎవరైనా "మన సినిమాను మనమే..." అని ఆపబోతే, నువ్వు చూశావా, నీకేమనిపించిందని అడగండి.